క్యాసినో సైటు నిబంధనలు: డబ్బు వేసే ముందే డబ్బు తీసే పేజీ చదవండి

ఆన్‌లైన్ క్యాసినోల మీద వచ్చే సమీక్షలు చాలావరకు ఎన్ని ఆటలున్నాయి, స్వాగత బోనస్ ఎంత అన్న దగ్గరే ఆగిపోతాయి. ఆటగాడి డబ్బు ఇరుక్కునేది మాత్రం నిబంధనల పత్రంలో. అందుకే ఈ సమీక్ష ఆ పత్రం మీదే. ఇక్కడ పరిశీలించింది బ్రిటన్‌లో జూదాన్ని నియంత్రించే గ్యాంబ్లింగ్ కమిషన్ లైసెన్సుతో నడిచే సైట్లలో మామూలుగా కనిపించే పత్రాన్ని. పోలిక కోసం అక్కడక్కడ, చాలా విదేశీ క్యాసినోలకు లైసెన్సులిచ్చే కరీబియన్ ద్వీపం కురసావో లైసెన్సు సైట్ల పత్రాన్నీ చూశాం.

బ్రిటన్‌నే ఎందుకు ఎంచుకున్నామంటే, అక్కడ ఈ పత్రానికి కోర్టులో విలువ ఉంది. గ్యాంబ్లింగ్ చట్టం 2005లోని సెక్షన్ 335 ప్రకారం పందెం అన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదు. 2007 సెప్టెంబరు నుంచి ఇది అమల్లో ఉంది. మన దగ్గర పరిస్థితి పూర్తిగా వేరు. భారత కాంట్రాక్టు చట్టం 1872 సెక్షన్ 30 ప్రకారం పందెపు ఒప్పందం చెల్లదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటికీ ఆ నిషేధాన్ని తెచ్చింది. హైదరాబాద్‌లోనో గుంటూరులోనో కూర్చుని విదేశీ సైటు నిబంధనలు ఎంత శ్రద్ధగా చదివినా, గెలిచిన సొమ్ము ఇవ్వకపోతే అడిగే చోటు లేదు. కాబట్టి ఇది చదువుకో ఉద్యోగానికో వెళ్లి బ్రిటన్‌లో ఉంటున్న, 18 ఏళ్లు దాటినవాళ్లకు.

ఏ పత్రం, ఎక్కడ

నిబంధనలు ఒకే పత్రంలో ఉండవు. సాధారణ నిబంధనలు, బోనస్ విధానం, ఒక్కో ఆఫర్‌కు విడిగా ఉండే షరతులు, చెల్లింపుల పేజీ అని కనీసం నాలుగు ఉంటాయి. ఆట లోపల సమాచార గుర్తు నొక్కితే తెరుచుకునే ఆట నియమాలు ఐదోది. ఇవి ఒకదానితో ఒకటి పొసగనప్పుడు దేని మాట చెల్లుతుందో సాధారణ నిబంధనల్లో ఒక వాక్యం ఉంటుంది. ఎక్కువ సైట్లలో ఆఫర్ షరతులదే పైచేయి. ఆఫర్ ముగియగానే ఆ షరతుల పేజీ సైటులో కనిపించకుండా పోవచ్చు. కాబట్టి బోనస్ తీసుకునే రోజే దాన్ని పీడీఎఫ్‌గా దాచుకోండి, తేదీ, సైటు చిరునామా కనిపించేలా.

పేజీ అడుగున కంపెనీ పేరు, లైసెన్సు ఖాతా నంబరు ఉంటాయి. ఆ నంబరును కమిషన్ వెబ్‌సైటులోని పబ్లిక్ రిజిస్టర్‌లో వెతకండి. కంపెనీ పేరు కలిస్తే సరిపోదు. ఆ లైసెన్సు కింద నమోదైన డొమైన్ పేర్లలో మీరు తెరిచిన సైటు చిరునామా అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. అసలు కంపెనీ నంబరును నకిలీ సైటు కూడా అడుగున అచ్చు వేసుకోగలదు.

డబ్బు తీసే పేజీ

చదవడం ఇక్కడ మొదలుపెట్టాలి. మొట్టమొదట చూడాల్సింది మీ సొంత డబ్బుకూ బోనస్ డబ్బుకూ మధ్య గీత ఎక్కడ గీశారన్నది. బ్రిటన్ లైసెన్సు ఉన్న సైటులో మీరు వేసిన డబ్బు, దాంతో గెలిచిన డబ్బు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు, బోనస్ షరతులు సగంలో ఉన్నా సరే. వినియోగదారుల ప్రయోజనాలు చూసే బ్రిటన్ ప్రభుత్వ సంస్థ కాంపిటీషన్ అండ్ మార్కెట్స్ అథారిటీ 2018లో పట్టుబట్టి సాధించిన మార్పు ఇది. తీసుకుంటే మిగిలిన బోనస్ పోతుంది, అంతే. మీ పత్రంలో "ముందు సొంత డబ్బు ఖర్చవుతుంది, తర్వాత బోనస్" అని స్పష్టంగా రాసి ఉండాలి. అంటే సొంత 50 పౌండ్లతో ఆడుతున్నంతసేపూ బోనస్‌ను ముట్టుకోనట్టే. మధ్యలో పెద్ద గెలుపు వస్తే అక్కడే ఆపి మొత్తం తీసుకోవచ్చు. రెండు రకాల డబ్బునూ ఒకే గంపలో కలిపేసి, షరతు పూర్తయ్యేదాకా దేన్నీ కదలనివ్వని పత్రం కురసావో సైట్లలో ఇప్పటికీ మామూలే.

రెండోది దారి. ఏ కార్డుతో వేశారో వీలైనంతవరకు దానికే డబ్బు తిరిగి వస్తుంది. అక్రమ సొమ్ము చలామణీని ఆపే నిబంధన ఇది, దీని మీద వాదించి లాభం లేదు. పాత కార్డు రద్దయితే డబ్బు తీయకముందే సపోర్టుకు చెప్పి కొత్త ఖాతాను ధ్రువీకరించుకోవాలి. క్రెడిట్ కార్డుతో పందెం కాయడాన్ని బ్రిటన్ 2020 ఏప్రిల్ 14 నుంచి నిషేధించింది. ఏ సైటైనా క్రెడిట్ కార్డు తీసుకుంటానంటే అది బ్రిటన్ నియమాలకు లోబడి నడవడం లేదనే అర్థం.

మూడోది గడువు. "పరిశీలనకు 24 గంటలు, తర్వాత బ్యాంకుకు 1 నుంచి 3 పనిదినాలు" లాంటి వాక్యంలో రెండు గడువులున్నాయి. సైట్లు ప్రకటనల్లో చెప్పేది ఒక్కటే. విత్‌డ్రా నొక్కాక దాన్ని రద్దు చేసి మళ్లీ ఆడే వీలును కమిషన్ 2021 అక్టోబరు 31 నుంచి తీసేయించింది. విదేశీ సైట్లలో ఆ మీట ఇంకా ఉంటుంది, పరిశీలన గడువు కూడా 48, 72 గంటలు పెడతారు. గెలిచిన డబ్బు కళ్ల ముందు రెండు రోజులు ఊరికే ఉంటే మళ్లీ ఆటలో పెట్టేవాళ్లు ఎక్కువ. ఆ గడువు పెట్టేది అందుకే. అలాంటి సైట్లలోనే వారానికి, నెలకు ఇంతకు మించి తీయకూడదన్న పరిమితి కూడా చూడండి. వారానికి 2,000 యూరోలే ఇచ్చే చోట 40,000 గెలిస్తే చేతికి రావడానికి 20 వారాలు పడుతుంది. ఆ 20 వారాలూ మీ సొమ్ము వాళ్ల దగ్గరే.

నాలుగోది పత్రాల తనిఖీ. పేరు, చిరునామా, పుట్టిన తేదీ ఆట మొదలుకాకముందే నిర్ధారించాలని 2019 మే నుంచి నియమం ఉంది. ముందే అడగగలిగిన కాగితాన్ని డబ్బు తీసే రోజు దాకా దాచిపెట్టి అప్పుడు అడగడం తప్పు. అయితే చట్టం కోరే ఇతర తనిఖీలు అప్పుడు కూడా చేయవచ్చు. ఆదాయం ఎక్కడిదన్న ప్రశ్న అలాంటిదే. జీతం చీటీలు, పీ60 (ఏడాది జీతం, పన్ను చూపే బ్రిటన్ పత్రం), మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతారు. 2025 ఫిబ్రవరి 28 నుంచి 30 రోజుల్లో నికరంగా 150 పౌండ్లకు మించి వేసినవాళ్ల మీద ఆర్థిక ఇబ్బందుల తనిఖీ కూడా ఉంది. అది బహిరంగ రికార్డులతో జరుగుతుంది, మీరేమీ పంపనక్కర్లేదు.

బోనస్ షరతు: లెక్క వేసి చూడాల్సిందే

బోనస్‌ను డబ్బుగా మార్చుకోవాలంటే దాన్ని ఎన్నిసార్లు పందెంలో తిప్పాలో చెప్పేది వేజరింగ్ షరతు. బ్రిటన్‌లో 2026 జనవరి 19 నుంచి ఇది 10 రెట్లు దాటకూడదు. స్లాట్లూ (తెరమీద చక్రాలు తిప్పే ఆటలు) ఆడాలి, క్రీడల మీద పందెమూ కాయాలి అని రెండింటినీ ముడిపెట్టే ఆఫర్లు కూడా అదే రోజు నుంచి నిషేధం. ఈ ఒక్క మార్పు పత్రం స్వరూపాన్నే మార్చేసింది.

50 పౌండ్ల బోనస్, 10 రెట్లు అంటే 500 పౌండ్ల పందెం. ఆటగాడికి తిరిగివచ్చే సగటు, అంటే ఆర్‌టీపీ, 96 శాతం ఉన్న స్లాట్‌లో 500 తిప్పితే సగటున 20 పౌండ్లు పోతాయి. కాగితం మీద 30 మిగులుతుంది. అదే పాత పద్ధతిలో, ఇప్పటికీ విదేశీ సైట్లలో కనిపించే పద్ధతిలో, డిపాజిట్ 50, బోనస్ 50 కలిపి 35 రెట్లు అంటే 3,500 పౌండ్లు తిప్పాలి. సగటు నష్టం 140. చేతిలో ఉన్నదే 100. షరతు పూర్తికాకముందే ఖాతా ఖాళీ అవడం అక్కడ దురదృష్టం వల్ల జరిగేది కాదు, లెక్కలోనే ఉంది. "35 రెట్లు" అన్న మాట పక్కన "బోనస్‌కు" అని ఉందా, "డిపాజిట్ ప్లస్ బోనస్‌కు" అని ఉందా అన్నది చూడటం అందుకే ముఖ్యం. 50 బోనస్‌కే అయితే 1,750, రెండూ కలిపితే దానికి సరిగ్గా రెట్టింపు.

ఆట ఎంపిక కూడా లెక్కను తలకిందులు చేస్తుంది. విదేశీ సైట్ల పట్టికలో స్లాట్లు 100 శాతం, బ్లాక్‌జాక్ అనే పేకాట 10 శాతం అని ఉంటే, బ్లాక్‌జాక్‌లో కాసిన 10 పౌండ్లలో షరతు కిందికి వచ్చేది 1 పౌండే. 3,500 పూర్తి చేయాలంటే 35,000 కాయాలి. ఇక స్లాట్లలో ఒకే పేరుతో, ఒకే బొమ్మలతో ఉన్న ఆటను తయారీదారు వేర్వేరు ఆర్‌టీపీలతో అమ్మడం మామూలు. ఒక సైటులో 96, మరో సైటులో 94, ఇంకోచోట 92 ఉండొచ్చు. పైన చెప్పిన 500 పౌండ్ల లెక్కలో 94 అయితే 30, 92 అయితే 40 పౌండ్లు సగటున పోతాయి. సైటు ప్రకటనలో ఉన్న అంకె కాకుండా, ఆట తెరిచి సమాచార పేజీలో ఉన్న అంకె చూడండి.

సమయం కూడా లెక్కలోకి తీసుకోవాలి. బ్రిటన్ స్లాట్‌లో ఒక స్పిన్‌కు కనీసం 2.5 సెకన్లు పట్టాలి, దానంతట అదే తిరిగే ఆటోప్లే లేదు. 20 పెన్నీల స్పిన్‌తో 500 పౌండ్లు అంటే 2,500 స్పిన్లు, ఆగకుండా ఆడినా గంటా ముప్పావు. బోనస్ గడువు 7 రోజులా 30 రోజులా అన్నది దీంతో కలిపి చూడండి.

బోనస్ నడుస్తున్నప్పుడు ఒక్క పందెం ఎంతకు మించకూడదో చెప్పే వాక్యం దగ్గర తప్పులు ఎక్కువగా జరుగుతాయి. బ్రిటన్‌లో స్లాట్ పందెం గరిష్ఠ పరిమితి 25 ఏళ్లు, ఆపైవాళ్లకు 5 పౌండ్లు (2025 ఏప్రిల్ 9 నుంచి), 18 నుంచి 24 ఏళ్లవాళ్లకు 2 పౌండ్లు (2025 మే 21 నుంచి). ఈ రెండూ దాటకుండా సాఫ్ట్‌వేరే ఆపేస్తుంది. బోనస్ షరతు మాత్రం "బోనస్‌లో 10 శాతం" అని ఉండొచ్చు. 20 పౌండ్ల బోనస్‌కు అది 2 పౌండ్లే. మీ వయసుకు 5 పౌండ్ల దాకా ఆట ఒప్పుకుంటుంది, నిబంధన ఒప్పుకోదు. ఈ రెండో పరిమితిని సాఫ్ట్‌వేర్ ఆపకపోతే, ఒక్క స్పిన్‌తో బోనస్ గెలుపంతా రద్దయ్యే వీలుంది. ఆడేముందు సపోర్టు చాట్‌లో "బోనస్ పరిమితి దాటితే ఆట ఆపుతుందా?" అని అడిగి, జవాబు దాచుకోండి.

"అసహజమైన ఆట" అనే శీర్షిక కింద ఏం రాశారో కూడా చదవాలి. రౌలెట్ చక్రం ఆటలో ఎరుపు, నలుపు రెండింటి మీదా ఒకేసారి కాయడం (37 అంకెల్లో 36 కవర్ అవుతాయి), ఫ్రీ స్పిన్ల దశ దాకా వచ్చి ఆపేసి బోనస్ అయ్యాక మళ్లీ తెరవడం, పెద్ద పందెంతో గెలిచి వెంటనే చిన్న పందేలకు దిగడం సాధారణంగా ఇందులోకి వస్తాయి. మంచి పత్రం వీటిని ఒక్కొక్కటిగా పేర్కొంటుంది. "మా విచక్షణ మేరకు" అని ఊరుకునే పత్రాన్ని నమ్మకూడదు. వినియోగదారుల హక్కుల చట్టం 2015 కింద అన్యాయమైన, అస్పష్టమైన నిబంధన వినియోగదారుడిని కట్టిపడేయలేదు. కానీ ఆ మాట నెగ్గించుకోవడానికి నెలలు పడుతుంది.

మా తీర్పు: బోనస్ తీసుకోకుండా ఆడితే ఈ పత్రంలోని సగం చిక్కులు మీకు వర్తించవు. ఖాతా తెరిచేటప్పుడే "ఆఫర్లు వద్దు" అన్న గడి ఎంచుకోవచ్చు.

ఒకే ఇల్లు, ఒకే వైఫై, రెండు రకాల పేర్లు

మనవాళ్లకు ప్రత్యేకంగా తగిలే నిబంధనలు ఇవి. "ఒక వ్యక్తికి, ఒక ఇంటికి, ఒక ఐపీ చిరునామాకు, ఒక పరికరానికి ఒకే బోనస్" అన్న వాక్యం దాదాపు ప్రతి పత్రంలో ఉంటుంది. నలుగురైదుగురు విద్యార్థులు కలిసి అద్దెకుండే ఇంట్లో ఒకే వైఫై. ఇద్దరు స్వాగత బోనస్ తీసుకుంటే రెండో ఖాతా మీద అనుమానపు గుర్తు పడుతుంది, గెలిచినప్పుడు బయటపడుతుంది. ఒకే కంపెనీ పదీ ఇరవై పేర్లతో సైట్లు నడుపుతుంది కాబట్టి వేరే సైటులో తీసుకున్నా ఇదే వర్తించవచ్చు. రెండు సైట్ల అడుగున ఉన్న లైసెన్సు నంబరు పోల్చి చూస్తే తెలిసిపోతుంది.

పేరు సంగతి ఇంకా చిక్కు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకు కార్డు మీద ఒక్క అక్షరమే ఉంటుంది. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది, పేరంతా రెండో గడిలోనే. సైటు ఫారంలో "లాస్ట్ నేమ్" దగ్గర తోచినట్టు రాస్తే తనిఖీలో పొసగదు. పాస్‌పోర్టులో ఏ వరుసలో ఉందో ఆ వరుసలోనే ఖాతా తెరవండి, కార్డు మీద పేరు వేరుగా ఉంటే మొదటి డిపాజిట్ కంటే ముందే సపోర్టుకు రాసి ఖాతాలో నమోదు చేయించండి. చిరునామా రుజువుకు మూడు నెలల లోపు కాగితం కావాలంటారు. కరెంటు బిల్లు రూమ్మేట్ పేరు మీద ఉంటుంది, పూర్తికాలం చదివే విద్యార్థులే ఉన్న ఇంటికి కౌన్సిల్ ట్యాక్స్ (స్థానిక ఇంటి పన్ను) ఉండదు. మిగిలేది బ్యాంకు స్టేట్‌మెంట్. ఇల్లు మారిన వారంలోనే బ్యాంకులో చిరునామా మార్చుకుంటే ఆ చిక్కు ఉండదు.

స్నేహితుడి కార్డుతో డబ్బు వేయడం పూర్తిగా నిషిద్ధం. డిపాజిట్ వెనక్కి ఇచ్చి గెలుపు రద్దు చేస్తారు. అలాగే సెలవులకు ఇండియా వచ్చి వీపీఎన్ పెట్టి ఆడటం. ఎక్కడి నుంచి ఆడకూడదో ఆ దేశాల జాబితా పత్రంలో ఉంటుంది, వీపీఎన్ వాడితే గెలుపు రద్దు అని కూడా ఉంటుంది. ప్రయాణానికి ముందే ఖాతాలోని డబ్బు తీసేసుకోండి. అక్కడి నుంచి లాగిన్ కూడా కాకపోవచ్చు.

సాఫ్ట్‌వేర్ తప్పు వల్ల వచ్చిన గెలుపు

"లోపం జరిగితే అన్ని ఆటలూ, చెల్లింపులూ రద్దు." ఈ వాక్యం ఎంత దూరం చెల్లుతుందో బ్రిటన్ కోర్టులు రెండు కేసుల్లో చెప్పాయి, రెండూ రెండు వైపులకు.

ఆండ్రూ గ్రీన్ 2018 జనవరిలో బెట్‌ఫ్రెడ్ అనే పందేల కంపెనీ సైటులో ఒక బ్లాక్‌జాక్ ఆటలో 17 లక్షల పౌండ్లకు పైగా గెలిచారు. ఆటలో లోపం ఉందని కంపెనీ ఇవ్వలేదు. 2021 ఏప్రిల్‌లో హైకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. కంపెనీ చూపిన నిబంధనల మాటలు ఆ లోపానికి వర్తించవని, పైగా అంత పెద్ద మినహాయింపును ఆటగాడి దృష్టికి సరిగా తీసుకురాలేదని కోర్టు అభిప్రాయం.

జోన్ పార్కర్ గ్రెనన్ 2015లో నేషనల్ లాటరీ వారి ఆన్‌లైన్ ఆటలో 5 పౌండ్లు పెట్టారు. తెరమీద 10 లక్షల పౌండ్లకు సరిపడే అంకెలు జతగా కనిపించాయి. సర్వర్‌లో ముందే తేలిన ఫలితం మాత్రం 10 పౌండ్లు. 2024లో అప్పీలు కోర్టు ఆమెకు వ్యతిరేకంగా తీర్పునిచ్చింది. ఖాతా తెరిచేటప్పుడు నొక్కిన అంగీకారం, లింకుల ద్వారా అందుబాటులో ఉంచిన నిబంధనలు సరిపోతాయని, ఫలితాన్ని తేల్చేది కంపెనీ రికార్డేనని పత్రంలో స్పష్టంగా ఉందని చెప్పింది.

ఈ రెండో తీర్పు వల్ల టిక్కు పెట్టడం చిన్న విషయం కాకుండా పోయింది. తెరమీద బొమ్మకూ ఖాతాలో పడిన మొత్తానికీ తేడా వస్తే ఫొటో ఒక్కటే చాలదు. ఆట చరిత్రలోకి వెళ్లి ఆ రౌండు నంబరు, సమయం, పందెం మొత్తం రాసుకోండి. ఫిర్యాదులో అడిగేది వాటినే.

మూసేసే కంపెనీ, నిద్రపోయే ఖాతా

క్యాసినో ఖాతా బ్యాంకు ఖాతా కాదు, బ్యాంకు డిపాజిట్లకు ఉండే హామీ పథకం దీనికి లేదు. కంపెనీ దివాలా తీస్తే ఆటగాళ్ల డబ్బుకు రక్షణ ఏ స్థాయిలో ఉందో పత్రంలో చెప్పి తీరాలి: రక్షణ లేదు, మధ్యస్థం, అధికం. "వేరే ఖాతాలో ఉంచుతాం" అన్న మాట చదివి ధైర్యపడొద్దు, వేరుగా ఉంచడం వేరు, దివాలాలో రక్షణ ఉండటం వేరు. మొదటి స్థాయి అయితే ఖాతాలో డబ్బు నిల్వ ఉంచకుండా గెలిచిన రోజే తీసేయడం మంచిది. ఏడాదిపాటు లాగిన్ కాని ఖాతాకు నెలనెలా రుసుము కోసే నిబంధన కొన్నిచోట్ల ఉంటుంది, అదీ చూసుకోండి.

ఫిర్యాదు

బ్రిటన్ పత్రానికి మేం 5కు 3.5 ఇస్తాం, కురసావో పత్రానికి 1. ఈ తేడాకు అసలు కారణం ఫిర్యాదు దారి. బ్రిటన్‌లో ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. తేల్చడానికి వాళ్లకు 8 వారాల గడువు. తేలకపోతే పత్రంలో పేరు రాసి ఉన్న స్వతంత్ర మధ్యవర్తి దగ్గరికి ఉచితంగా వెళ్లొచ్చు, ఎక్కువ చోట్ల అది ఐబాస్ లేదా ఈకోగ్రా. కమిషన్ మీ డబ్బు ఇప్పించదు, అయినా దానికి సమాచారం ఇవ్వడం లైసెన్సు తనిఖీకి పనికొస్తుంది. ఫిర్యాదులో "ఫిర్యాదు" అన్న మాట మొదటి వరుసలోనే ఉండాలి, లేకపోతే మామూలు సపోర్టు ప్రశ్నగా లెక్కేసి 8 వారాల గడియారం మొదలుపెట్టరు. ఏ నిబంధన నంబరు, ఏ తేదీ, ఎంత మొత్తం, ఏం కావాలి అన్న నాలుగు ముక్కలు రాసి, దాచిన పీడీఎఫ్ జతచేయండి.

కురసావోలో 2024 డిసెంబరులో కొత్త చట్టం వచ్చింది, ఒక పెద్ద లైసెన్సు కింద ఎన్నో సైట్లు నడిచే పాత పద్ధతి పోయింది. అది మంచి మార్పే. అయినా బ్రిటన్ లైసెన్సు లేని సైటులో ఆడేవాళ్లకు పైన చెప్పిన పందెం పరిమితి, 10 రెట్ల పరిమితి, ఉచిత మధ్యవర్తి ఏవీ అందవు. గామ్‌స్టాప్ కూడా అందదు.

గామ్‌స్టాప్ అంటే, తనను ఆడనివ్వొద్దని ఒక్కసారి నమోదు చేసుకుంటే బ్రిటన్ లైసెన్సు ఉన్న ఆన్‌లైన్ సైట్లన్నీ తలుపు మూసేసే వ్యవస్థ. 6 నెలలు, 1 సంవత్సరం, 5 సంవత్సరాలు అని గడువు ఎంచుకోవచ్చు, మధ్యలో రద్దు చేసుకోలేరు. గడువు ముగిసినా మీరు అడిగితే తప్ప తలుపు తెరుచుకోదు. ఇది పేరు, పుట్టిన తేదీ, ఈమెయిల్, చిరునామా, పోస్ట్‌కోడ్ పోల్చి పనిచేస్తుంది. ఇంటిపేరు ముందూ వెనకా రాసే మనవాళ్లు నమోదులో పాత చిరునామాలు, వాడిన ఈమెయిళ్లన్నీ ఇవ్వాలి, లేకపోతే ఏదో ఒక సైటులో పోలిక తప్పుతుంది. మాట్లాడే మనిషి కావాలనుకుంటే నేషనల్ గ్యాంబ్లింగ్ హెల్ప్‌లైన్ 0808 8020 133, రోజంతా, ఉచితం.